న్యూ ఫారెస్ట్‌లో కార్ల రద్దీకి దూరంగా రెండు రోజుల సైకిల్ యాత్ర ఎలా చేయాలి

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి దగ్గరగా, సౌతాంప్టన్ నగరానికి పడమటి వైపున న్యూ ఫారెస్ట్ పరుచుకుని ఉంది. పేరుకు కొత్త అడవే గానీ దాని వయసు తొమ్మిది వందల ఏళ్లు దాటింది. నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలుచుకున్న విలియం రాజు 1079 ప్రాంతంలో ఈ నేలను తన జింకల వేటకు ప్రత్యేకించుకున్నాడు. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో ఇది నోవా ఫోరెస్టా అన్న లాటిన్ పేరుతో కనిపిస్తుంది. 2005లో దీనికి జాతీయ ఉద్యానవన హోదా వచ్చింది. ఇప్పుడు ఇక్కడ సైకిళ్ల కోసం గుర్తులు పెట్టిన దారులు 160 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం కార్లను రానివ్వని కంకర దారులే.

అయినా ఇక్కడ సైకిల్ తొక్కి వచ్చినవారిలో కొందరు సగం సమయం కార్ల పక్కనే గడిచిందని వాపోతుంటారు. అందుకు కారణం, ఈ దారులు ఒకే తాడులా సాగకుండా ముక్కలు ముక్కలుగా ఉండడం. ప్రతి రెండు ముక్కల నడుమ ఏదో ఒక తారు రోడ్డు అడ్డం వస్తుంది. ఏ రోడ్డును ఎక్కడ దాటాలో, దేని మీద ఎంత దూరం తొక్కక తప్పదో ఇంటి దగ్గరే తేల్చుకున్నవారికి ప్రయాణం హాయిగా సాగుతుంది, తేల్చుకోనివారికి మొదటి అతుకు దగ్గరే చిక్కు మొదలవుతుంది. అందుకని ఇక్కడ దారుల అందం కన్నా ఆ అతుకుల గురించే ఎక్కువగా చెబుతాను. బ్రాకెన్‌హర్స్ట్ అనే ఊళ్లో బస చేసి, ఒక రోజు పడమటి వైపు, మరో రోజు తూర్పు వైపు తిరిగి రావడం నా లెక్కలో అన్నిటికన్నా సులువైన పద్ధతి. సామానంతా మోసుకుంటూ రోజుకో ఊరు మారడం ఇంత చిన్న అడవిలో అనవసరం.

పటం దగ్గర మొదలుపెట్టండి

ఆర్డినెన్స్ సర్వే సంస్థ ప్రచురించే 1:25,000 పటాల్లో ఓఎల్22 అన్నది న్యూ ఫారెస్ట్‌కు సంబంధించినది. అది ఒకటి కొనుక్కోండి. కూడళ్ల అంకెలు వేసిన సైకిల్ దారుల పటం విడిగా దొరుకుతుంది, అది కూడా దగ్గర ఉంచుకోండి. ఫోన్‌లో యాప్ ఉండగా కాగితం ఎందుకని అనిపించవచ్చు. యాప్‌కు నేల మీద గీత కనిపిస్తే చాలు, ఆ గీత మీద సైకిల్‌కు అనుమతి ఉందా లేదా అన్నది దానికి పట్టదు. ఈ అడవిలోని ప్రభుత్వ భూమిలో గుర్తులు పెట్టిన సైకిల్ దారుల మీద, రోడ్ల మీద తప్ప మరెక్కడా సైకిల్ తొక్కకూడదు. ఇంగ్లండ్‌లోని బ్రిడిల్‌వేలు అనే గుర్రపు బాటల మీద సైకిల్ తొక్కే హక్కును 1968 నాటి చట్టం కల్పించింది కాబట్టి, మిగతా చోట్ల తిరిగి అలవాటైనవారు ఇక్కడ గుర్రపు డెక్కల జాడలున్న ప్రతి గడ్డి దారినీ అలాంటిదే అనుకుని పొరబడతారు.

నేనూ మొదటిసారి అలాగే పొరబడ్డాను. యాప్ చూపించిన దగ్గరి దారిని నమ్మి ఒక బీడులోకి దిగాను. అర కిలోమీటరు వెళ్లేసరికి ఎదురుగా లేత పచ్చగా, తివాచీ పరిచినట్టు నున్నటి గడ్డి కనిపించింది. చుట్టూ ఉన్న గోధుమరంగు పొదల మధ్య అదొక్కటే చక్కగా ఉందనుకుని అటు తిప్పాను. ముందు చక్రం ఇరుసు దాకా దిగబడిపోయింది. సైకిల్‌ను వెనక్కి లాగబోతే బూటు బురదలోనే ఉండిపోయింది, దాన్ని చేత్తో తవ్వి తీసుకోవలసి వచ్చింది. అలాంటి ఊబి నేలలు ఈ అడవిలో చాలా ఉన్నాయి, వాటి గుర్తు ఆ మోసపూరితమైన పచ్చదనమే.

పటం మీది ఊరి పేర్లను కాస్త ఓపికగా చదివితే నేల ఎలాంటిదో ముందే తెలుస్తుంది. ముందుగా ఫారెస్ట్ అన్న మాటనే తీసుకోండి. మనకు అది దట్టమైన చెట్లను గుర్తుకు తెస్తుంది గానీ, ఆ రాజుల కాలంలో అది చట్టానికి సంబంధించిన మాట. రాజుగారి వేట చట్టం వర్తించే నేల, చెట్లున్నా లేకున్నా, ఫారెస్టే. అందుకే ఈ అడవిలో చాలా భాగం నీడ లేని బీడు, ఎదురుగాలికి అడ్డు లేని చోటు. ఇన్‌క్లోజర్ అని పేరున్న చోట కంచె వేసి పెంచిన చెట్లుంటాయి. నౌకాదళపు ఓడలకు ఓక్ కలప కావాలని 1698లో చట్టం చేసి, పశువులు మొక్కల్ని మేసేయకుండా ఇలా కంచెలు కట్టడం మొదలుపెట్టారు. కలప లాగడానికి వాటి లోపల వేసిన గట్టి దారులే ఇప్పుడు మీరు సైకిల్ తొక్కే కంకర దారులు, కాబట్టి పటంలో ఇన్‌క్లోజర్ల వరుస కనిపించిన చోట మంచి దారి ఉండే అవకాశం ఎక్కువ. లాన్ అంటే పశువులు మేసి నున్నగా చేసిన పచ్చిక. హ్యాట్ అంటే ఇక్కడి యాసలో విడిగా నిలబడిన చెట్ల గుంపు. బాటమ్ అంటే పల్లం, వాన పడిన మర్నాడు అక్కడ నీళ్లుంటాయని అర్థం చేసుకోవాలి. వాటర్ అని ముగిసే పేరు వాగుది.

ఇక పెన్సిలు తీసుకుని, గుర్తులున్న కంకర దారులను ఆకుపచ్చగానూ, తప్పనిసరిగా తొక్కవలసిన తారు రోడ్డు ముక్కలను ఎర్రగానూ గీయండి. ఎర్రగీతల్లో మూడు రోడ్లు ముఖ్యమైనవి. సౌతాంప్టన్ వైపు నుంచి లిండ్‌హర్స్ట్ మీదుగా నైరుతి దిక్కుకు పోయే ఏ35, లిండ్‌హర్స్ట్ నుంచి బ్రాకెన్‌హర్స్ట్ మీదుగా లిమింగ్టన్ పోయే ఏ337, బ్రాకెన్‌హర్స్ట్ నుంచి బ్యూలీ వైపు పోయే బీ3055. మొదటి రెండూ దాటడానికి మాత్రమే, వాటి మీద దూరం తొక్కాలన్న ఆలోచన పెట్టుకోకండి. అడవికి ఉత్తరాన ఉన్న ఏ31 నాలుగు వరుసల రహదారి, ఈ ప్రణాళికలో దాని జోలికి పోము. విలియం రాజు కొడుకు రూఫస్ 1100 ఆగస్టు 2న వేటలో బాణం తగిలి చనిపోయిన చోటుగా చెప్పే రూఫస్ స్టోన్ ఆ రోడ్డుకు అవతల ఉంది. చూడాలని మనసు లాగుతుంది గానీ, దాన్ని ఇంకో ప్రయాణానికి ఉంచుకోవడమే నయం.

ఎప్పుడు వెళ్లాలి

మే, జూన్, సెప్టెంబరు మంచి నెలలు. జూలై చివరి నుంచి ఆగస్టు అంతా బడి సెలవుల జనం. అయితే బీడులో హీదర్ పొదలు ఊదా రంగులో విరబూసేది ఆగస్టులోనే కాబట్టి, ఆ రంగు కోసం రద్దీని ఓర్చుకుంటామనేవారు వారం మధ్యలో వెళ్లవచ్చు. నన్నడిగితే సెప్టెంబరు మూడో వారం అంటాను. శీతకాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగుంటుంది. మార్చి నుంచి ఆగస్టు వరకు నేల మీదే గూడు పెట్టే పక్షులు బీడుల్లో గుడ్లు పొదుగుతుంటాయి, అప్పుడు దారి అంచు దాటి ఒక్క అడుగు కూడా పక్కకు వేయకూడదు.

సైకిలు, సామాను

ఈ అడవిలో ఎత్తైన చోటు కూడా సముద్రమట్టానికి 130 మీటర్లు లేదు కాబట్టి గేర్ల గురించి బెంగ అక్కర్లేదు, చూసుకోవలసింది టైర్లనే. ఇక్కడి కంకరలో చెకుముకి రాయి ఎక్కువ. అది పగిలితే అంచు బ్లేడులా ఉంటుంది. సన్నటి రోడ్డు టైర్లు దానికి తాళలేవు, మలుపుల్లో జారుతాయి కూడా. 35 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పున్న టైర్లు వేసుకుని, తారు రోడ్డు మీద పెట్టేదానికన్నా గాలి కాస్త తక్కువగా ఉంచుకుంటే కుదుపు తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. సొంత సైకిలు లేకపోతే బ్రాకెన్‌హర్స్ట్‌లోనూ, బర్లీలోనూ అద్దెకు దొరుకుతాయి. తీసుకునే ముందు రెండు బ్రేకులూ పట్టి చూడండి, టైరును వేలితో ఒక చుట్టు తడిమి చూడండి. మోటారు సాయం ఉన్న సైకిలైతే దాని మోటారు 250 వాట్లకు మించకూడదు, గంటకు 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆగిపోవాలి, తొక్కేవారికి 14 ఏళ్లు నిండి ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా చట్టం దాన్ని మోటారు బండిగానే చూస్తుంది.

పంక్చర్ అయినప్పుడు తొందరపడి కొత్త ట్యూబు ఎక్కించకండి. పాత ట్యూబుకు గాలి కొట్టి చిల్లు ఎక్కడుందో చూసి, వాల్వు నుంచి అది ఎంత దూరంలో ఉందో కొలుచుకుని, టైరులో సరిగ్గా అదే చోట లోపలి వైపు వేలితో మెల్లగా వెతకండి. గోరు కొనంత చెకుముకి పలుకో, గోర్స్ పొద ముల్లో అక్కడ ఇరుక్కుని ఉంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో మళ్లీ మొదటికి వస్తుంది. రెండు ట్యూబులు, పంపు, టైరు లీవర్లు, చిన్న పానాల జత, చెయిన్ నూనె, లీటరున్నర నీళ్లు, తినడానికి ఏదైనా, వాన కోటు, చిన్న పట్టకారు దగ్గర ఉంచుకోండి. పట్టకారు ఎందుకో తర్వాత చెబుతాను. సామాను వీపున మోసేకన్నా క్యారియర్‌కు తగిలించే సంచుల్లో పెట్టుకోవడం మంచిది. సూర్యాస్తమయం తర్వాత తొక్కాలంటే ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం ఉండాలని ఇక్కడి చట్టం, పగటి యాత్రకైనా అవి పెట్టుకునే బయలుదేరండి.

చేరుకోవడం, బస

లండన్ వాటర్లూ నుంచి బ్రాకెన్‌హర్స్ట్‌కు నేరుగా రైళ్లున్నాయి, ప్రయాణం గంటన్నర పడుతుంది. సౌతాంప్టన్ నుంచైతే పావుగంట, ఇరవై నిమిషాలు. రైల్లో సైకిళ్లకు చోటు తక్కువ, పని రోజుల్లో రద్దీ వేళ లండన్‌కు వచ్చిపోయే రైళ్లలో పెద్ద సైకిళ్లను ఎక్కనివ్వని సందర్భాలుంటాయి, కాబట్టి టికెట్టు కొనేటప్పుడే ఆ రైలుకు నియమం ఏమిటో, ముందుగా చోటు నమోదు చేసుకోవాలో లేదో అడిగి తెలుసుకోండి. మడత సైకిలుకు ఈ తిప్పలు లేవు.

డేరా వేసుకోవాలనుకుంటే అందుకు కేటాయించిన క్యాంప్‌సైట్లలోనే వేసుకోవాలి, అడవిలో నచ్చిన చోట పడుకోవడానికి వీల్లేదు. మంట పెట్టడం, బొగ్గుల కుంపటి వెలిగించడం నిషేధం, పట్టుబడితే జరిమానా. వేసవిలో బీడు మొత్తం ఎండిన చొప్పలా ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

గుంజ మీది అంకె

సైకిల్ దారుల కూడళ్లలో మోకాలి ఎత్తున చిన్న కొయ్య గుంజలు పాతి ఉంటాయి. దగ్గరికి వెళ్లి చూస్తే సైకిల్ బొమ్మ, బాణం గుర్తు, ఒక అంకె కనిపిస్తాయి. ఆ అంకే సైకిల్ దారుల పటంలో ఆ కూడలి దగ్గర అచ్చయి ఉంటుంది. కాబట్టి దారి పేర్లు గుర్తుపెట్టుకోవడం కన్నా, ఆ రోజు దాటవలసిన అంకెలను వరుసగా ఒక చీటీ మీద రాసి హ్యాండిల్‌కు అతికించుకోండి. అంకె సరిపోతే ముందుకు వెళ్లండి. సరిపోకపోతే కిందటి గుంజ దాకా వెనక్కి రండి. గుంజ చుట్టూ ఎండాకాలంలో ఫెర్న్ మొక్కలు నడుమెత్తు పెరిగి దాన్ని కప్పేస్తాయి, అంచేత కూడలి వచ్చిందనిపించిన ప్రతిచోటా వేగం తగ్గించి రెండు పక్కలా చూడాలి. చెట్లు నరికే పని నడుస్తుంటే దారి మూసేసి పక్కదారి చూపిస్తూ బోర్డు పెడతారు. దాన్ని దాటి లోపలికి పోకండి, కలప లారీలకు సైకిల్ వస్తుందన్న ఊహ ఉండదు. ఇంకో సంగతి, కార్లు రాని దారి అన్నంత మాత్రాన అసలు బండే రాదని కాదు. అటవీ సిబ్బంది జీపులు తిరుగుతుంటాయి.

మొదటి రోజు: పడమర, సుమారు 35 కిలోమీటర్లు

పొద్దున్నే తొమ్మిదింటికల్లా బయలుదేరండి. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, మధ్యాహ్నానికి బలపడుతుంది. పొద్దున గాలి పలచగా ఉన్నప్పుడే బీడు మీదుగా పడమరకు వెళ్లిపోతే, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనుక నుంచి తోస్తుంది. వలయాన్ని గడియారం ముల్లు తిరిగే దిక్కుగా తిరగమనడం అందుకే.

బ్రాకెన్‌హర్స్ట్ ప్రధాన వీధి పడమటి కొసన వాగు రోడ్డు మీదుగానే పారుతుంది. నీళ్లు తక్కువే ఉన్నా అడుగున పాచి ఉంటుంది, సైకిల్ దిగి పక్కనున్న కాలి వంతెన మీద నడిపించుకుని వెళ్లండి. అక్కడి నుంచి ఊరి నైరుతి అంచుకు వెళితే పాత రైలు కట్ట దొరుకుతుంది. సౌతాంప్టన్‌ను డోర్చెస్టర్‌తో కలుపుతూ 1847లో తెరిచిన రైలు మార్గం ఇది. వింబోర్న్‌కు చెందిన చార్ల్స్ కాసిల్‌మన్ అనే న్యాయవాది పట్టుబట్టి వేయించిన ఈ మార్గం ఊరూరూ తిరుగుతూ మెలికలు పోయేది కాబట్టి, జనం దానికి కాసిల్‌మన్ గారి కార్క్‌స్క్రూ (సీసా బిరడా తీసే మెలికల చువ్వ) అని పేరు పెట్టారు. 1964లో ఇక్కడ ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, తర్వాత పట్టాలు తీసేశారు. రైలు కోసం చదును చేసిన నేల కావడంతో ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు, కట్ట మీద ఎక్కి తొక్కుతుంటే రెండు వైపులా బీడు మైళ్ల దూరం కనిపిస్తుంది.

ఈ కట్ట మీదే మొదటి అతుకు ఉంది. హోమ్స్‌లీ దగ్గరికి వచ్చేసరికి పాత రైలు బాటను ఒక రోడ్డు ఆక్రమించుకుంది. ఏ35 దాని మీద వంతెనగా పోతుంది. అంటే మీరు ఏ35ను దాటనక్కర లేదు గానీ, ఆ వంతెన కింద కొంత దూరం కార్లతో కలిసి తొక్కాలి. రోడ్డు ఇరుకు, కార్ల వేగం ఎక్కువ. నలుగురైదుగురు ఉంటే ఒకరి వెనుక ఒకరు దగ్గరగా సాగండి, పిల్లలుంటే ముందొక పెద్దవారు, వెనుకొక పెద్దవారు ఉండాలి. ఆ ముక్క ముగిసిన చోట పాత హోమ్స్‌లీ స్టేషన్ భవనం టీ దుకాణంగా మారి కనిపిస్తుంది. పదకొండు గంటలకు అక్కడ ఆగితే సమయం సరిగ్గా సరిపోతుంది.

స్టేషన్ దాటాక మళ్లీ ప్రశాంతమైన కట్ట. బర్‌బుష్ హిల్ దగ్గర దాన్ని వదిలి, చిన్న రోడ్డు మీద ఉత్తరానికి తిరిగితే బర్లీ గ్రామం వస్తుంది. బయలుదేరిన చోటి నుంచి ఇక్కడికి 12 కిలోమీటర్లు ఉంటుంది. నీళ్లు నింపుకోవడానికి, భోజనానికి ఇదే చోటు. ఆ తర్వాత బ్రాకెన్‌హర్స్ట్ దాకా ఊరనేది లేదు. మంత్రగత్తెల బొమ్మలమ్మే దుకాణాల దగ్గర జనం ఎక్కువగా ఉంటారు కాబట్టి సైకిల్‌కు తాళం మరవకండి.

బర్లీ నుంచి ఈశాన్యంగా ఓక్లీ ఇన్‌క్లోజర్ గుండా బోల్డర్‌వుడ్ చేరాలి. నా దృష్టిలో ఈ యాత్ర మొత్తానికి ఇదే అతి చక్కని భాగం: ఓక్, బీచ్ చెట్ల నీడ, గేటు తర్వాత గేటు, కంకర మీద టైర్ల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. బోల్డర్‌వుడ్‌లో జింకలను చూడడానికి కట్టిన కొయ్య వేదిక ఉంది, ఎదుటి పచ్చికలోకి ఫాలో జాతి జింకలు మేతకు వస్తాయి. అక్కడి నుంచి దక్షిణానికి దిగితే నైట్‌వుడ్ ఓక్. దాని మొదలు చుట్టుకొలత 7 మీటర్లకు పైనే. కొన్ని వందల ఏళ్ల కిందట దాని కొమ్మలను తల ఎత్తున నరికి వదిలేస్తే, అక్కడి నుంచే లావాటి కొమ్మలు విసనకర్రలా పైకి లేచాయి. ఇలా కొట్టి పెంచడం అప్పటి పద్ధతి. ఓడలకు కలప కావాలని 1698లోనే ఈ పద్ధతిని మానిపించారు గనుక, ఆ ఆకారంలో ఉన్న చెట్టు కనిపిస్తే అంతకన్నా పాతదని ఊహించవచ్చు.

రెండో అతుకు ఇక్కడే, అసలైనది. నైట్‌వుడ్ ఓక్‌కు దక్షిణాన అర కిలోమీటరులోపే ఏ35ను నేల మీదనే దాటాలి. దీపాలు లేవు, గీతలు లేవు. రోడ్డు చేరకముందే సైకిల్ దిగి, రెండు వైపులా స్పష్టంగా కనిపించే చోట నిలబడి, రెండు దిక్కులా ఖాళీ అయ్యాక ఒకేసారి అందరూ నడిపించుకుని దాటండి. ఒకరు దాటి మరొకరు ఆగిపోతే ఆగినవారు తొందరపడతారు, ప్రమాదం అక్కడే ఉంటుంది.

అవతల రైన్‌ఫీల్డ్ ఆర్నమెంటల్ డ్రైవ్ అనే తారు రోడ్డు కనిపిస్తుంది. విక్టోరియా రాణి కాలంలో దాని ఇరువైపులా నాటిన డగ్లస్ ఫర్ చెట్లు, రెండు పెద్ద సిక్వోయాలు చూడదగినవే, అవి ఇప్పుడు 50 మీటర్లు దాటాయి. కాకపోతే ఆ చెట్లను చూడడానికే కార్లూ వస్తాయి. ఆదివారం ఆ రోడ్డు మీద తొక్కకండి; బ్లాక్‌వాటర్ దగ్గర సైకిల్ నిలిపి కాసేపు నడిచి చూసి, తిరిగి పౌండ్‌హిల్ ఇన్‌క్లోజర్ కంకర దారి పట్టుకోండి. ఆ దారి బోల్డర్‌ఫోర్డ్ వంతెన మీదుగా, వాగు పక్కగా బ్రాకెన్‌హర్స్ట్‌కు దింపుతుంది.

పశువులు, గేట్లు, కడ్డీల వంతెనలు

అడవంతటా గుర్రాలు, ఆవులు, గాడిదలు, శరదృతువులో పందులు స్వేచ్ఛగా తిరుగుతాయి. అవి అడవి జంతువులు కావు. చుట్టుపక్కల ఇళ్లకు తరతరాలుగా ఉన్న ఉమ్మడి మేత హక్కు కింద వదిలినవి, ప్రతిదానికీ యజమాని ఉంటారు. గుర్రం తోకను గమనిస్తే వెంట్రుకలు మెట్లు మెట్లుగా కత్తిరించి ఉంటాయి. ఆ ఏటి మేత రుసుము కట్టినట్టు, అది ఏ భాగానికి చెందినదో తెలిపే గుర్తు అది. వాటి బాగోగులు చూసే ఉద్యోగులను అజిస్టర్లంటారు, వారిపైన వర్డరర్ల న్యాయసభ ఉంటుంది. పందులను వదలడానికి ఒక కారణముంది. రాలిన ఓక్ కాయలు గుర్రాలకు విషం, పందులకు విందు.

మీకు వర్తించే నియమాలు కొన్నే. మేత పెట్టకూడదు, నిమరకూడదు, దీనికీ జరిమానా ఉంది. దారిలో గుర్రం అడ్డంగా నిలబడితే గంట కొట్టకుండా, మామూలు గొంతుతో ఏదో మాట్లాడుతూ నెమ్మదిగా దాటండి, మాట వింటే మనిషని గుర్తుపడుతుంది. దాని వెనుక కాళ్లకు అందేంత దగ్గరగా వెళ్లకండి. వేసవి మొదట్లో పిల్ల ఒక పక్క, తల్లి మరో పక్క ఉంటే మధ్యలోంచి పోకండి, రెండూ ఒకవైపుకు చేరేదాకా ఆగండి. ఐదు నిమిషాలైనా పది నిమిషాలైనా ఆగడమే.

మీరు తెరిచిన ప్రతి గేటునూ మూసి, గడియ పడిన చప్పుడు విన్నాకే కదలండి. వెనుక వచ్చేవారు మూస్తారులే అని వదిలితే, ఇన్‌క్లోజర్‌లోకి పశువులు దూరి లేత మొక్కల్ని మేసేస్తాయి.

రోడ్ల మీద పశువులు దాటకుండా గొయ్యి తీసి పైన ఇనుప కడ్డీలు అడ్డంగా పరిచిన చోట్లు ఎదురవుతాయి. కడ్డీల మధ్య చక్రం పడదు, భయపడనక్కర లేదు. జారడమే అసలు ప్రమాదం. రెండు మూడు బారల ముందే వేగం సరిచూసుకుని, హ్యాండిల్‌ను నిటారుగా ఉంచి, సీటు మీంచి కొద్దిగా లేచి, కడ్డీలను సరిగ్గా లంబంగా దాటాలి. వాటి మీద ఉన్నంతసేపు బ్రేకు పట్టకూడదు, మలుపు తిప్పకూడదు, తొక్కడం కూడా ఆపేయాలి. వాన పడి తడిగా ఉంటే ఇదంతా మాని, పక్కనున్న చిన్న గేటులోంచి నడిపించుకుని వెళ్లండి.

రెండో రోజు: తూర్పు, సుమారు 30 కిలోమీటర్లు

ఈ రోజు అతుకు మొదట్లోనే వస్తుంది. ఊరికి ఉత్తరాన బామర్ లాన్ చేరడానికి ఏ337 మీద కొద్ది దూరం తప్పదు. అక్కడ కాలిబాట పక్కనే సైకిల్ నడిపించుకుంటూ వెళ్లినా పది నిమిషాలే పడుతుంది, ఆ పది నిమిషాలు ఇవ్వండి. బామర్ లాన్ నుంచి స్టాండింగ్ హ్యాట్ చేరితే కంకర దారులు మొదలవుతాయి. అక్కడి నుంచి తూర్పుగా లేడీక్రాస్ వైపు సాగి, బీ3055ను దాటి, హాక్‌హిల్ ఇన్‌క్లోజర్ గుండా హ్యాచెట్ పాండ్ అనే చెరువు దగ్గరికి వస్తారు. దానికి దగ్గర్లోని బీడులో 1942లో తెరిచిన యుద్ధకాలపు విమానాశ్రయం ఉండేది, విమానాలు తిరిగిన దాని అంచు దారి మీద ఇప్పుడు సైకిల్ తొక్కవచ్చు. నేల చదునే గానీ నీడ బొత్తిగా ఉండదు. ఎండలోనూ ఎదురుగాలిలోనూ ఈ రెండు మూడు కిలోమీటర్లే నిన్నటి మొత్తం కన్నా అలసట కలిగిస్తాయి.

చెరువు నుంచి బ్యూలీ గ్రామానికి రెండున్నర కిలోమీటర్ల తారు రోడ్డు. రాతలో ఈ పేరు ఫ్రెంచి పద్ధతిలో ఉంటుంది గానీ, దారి అడిగేటప్పుడు బ్యూలీ అనాలి. పదకొండింటిలోపు వెళ్లగలిగితే, పిల్లలు వెంట లేకపోతే వెళ్లండి, లేదంటే చెరువు దగ్గరే ఆగి వెనక్కి తిరగండి. జాన్ రాజు 1204లో సిస్టర్షియన్ సన్యాసులకు కట్టించిన మఠం శిథిలాలు అక్కడ ఉన్నాయి. వాటి పక్కనే జాతీయ మోటారు మ్యూజియం! రెండు రోజులు కార్లను తప్పించుకుని తిరిగి, చివరికి టికెట్టు కొనుక్కుని వాటినే చూడడానికి వెళ్లేవారిని చూసి నాకు నవ్వొస్తుంది, నేనూ వెళ్లాను కాబట్టి.

తిరుగు ప్రయాణానికి అదే దారి. అలసిపోయినవారు లేడీక్రాస్ దాకా వచ్చి ఉత్తరానికి, డెన్నీ మీదుగా బ్యూలీ రోడ్ స్టేషన్‌కు వెళ్లే గుర్తు దారుల్ని పటంలో చూసుకోవచ్చు. అది బీడు మధ్యలో ఒంటరిగా ఉన్న చిన్న స్టేషను, బ్యూలీ ఊరికి చాలా దూరం. అక్కడ అన్ని రైళ్లూ ఆగవు, వేళలు ముందే రాసుకోండి. ఫోన్ సిగ్నల్ అడవిలో చాలాచోట్ల అందదు. ఎవరికైనా దెబ్బ తగిలితే పటం మీది గ్రిడ్ అంకెలను చూసి పెట్టుకుని, సిగ్నల్ దొరికిన చోట అత్యవసర సేవల నంబరు 999కు చెప్పండి.

తిరిగి వచ్చాక

పట్టకారు పని ఇప్పుడు. ఈ అడవిలో పిడుదులు ఎక్కువ, వాటిలో కొన్నిటి ద్వారా లైమ్ వ్యాధి వస్తుంది. స్నానానికి ముందు మోకాలి వెనుక, తొడల మడతల్లో, నడుము పట్టీ దగ్గర, చంకల్లో, పిల్లలకైతే జుట్టు మొదళ్లలో కూడా వెతకండి. నువ్వు గింజ కన్నా చిన్నగా నల్లటి చుక్కలా ఉండవచ్చు. కనబడితే నూనె పూయడం, వేడి తగిలించడం చేయకుండా, పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి తిప్పకుండా నిటారుగా లాగేయండి, ఆ చోటిని సబ్బుతో కడగండి, తేదీ రాసి పెట్టుకోండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ వలయంలా పెరిగినా, జ్వరం వచ్చినా, ఆ తేదీ చెప్పి వైద్యుడికి చూపించాలి.

సైకిల్‌ను రైలెక్కించే ముందు చెయిన్‌కూ బ్రేకు కట్టలకూ పట్టిన కంకర బురదను తడిగుడ్డతో తుడిచేయండి. అది ఎండిపోతే ఉప్పుకాగితంలా చెయిన్‌ను అరగదీస్తుంది, అద్దె సైకిలైతే తిరిగి ఇచ్చేటప్పుడు దుకాణంవారితో మాట పడవలసి వస్తుంది.